మొలతాడు, డవాలు, బెల్టు: మన నడుము చెప్పే చరిత్ర

మేము మధిర దగ్గర ఒక బడిలో పాఠాలు చెబుతున్నాం. పుట్టి పెరిగింది మాత్రం భద్రాచలం అడవి వైపు, గోదావరి ఒడ్డున. వేసవి సెలవులు వస్తే ఊరికి పోతాం. పోయిన సెలవుల్లో జరిగిన ఒక చిన్న సంగతితో ఈ వ్యాసం మొదలుపెడతాం.

మా ఊరి తమ్ముడొకడు ఫారెస్టు బీట్ ఆఫీసర్ ఉద్యోగానికి తయారవుతున్నాడు. ఆ ఉద్యోగానికి మగవాళ్లు 25 కిలోమీటర్లు 4 గంటల్లో నడవాలి, ఆడపిల్లలు 16 కిలోమీటర్లు నడవాలి. అందుకని రోజూ తెల్లవారుజామున గుట్టలెక్కి దిగుతున్నాడు. ఫోనులో చూసి ఒక బెల్టు తెప్పించుకున్నాడు. నల్లటి నైలాను పట్టీ, ప్లాస్టిక్ కొక్కెం, చుట్టూ మూడు సంచులు. అమ్మేవాళ్లు దాన్ని టాక్టికల్ బెల్టు అంటారట. నీళ్ల సీసా, కత్తి, టార్చి, ఫోను అన్నీ దానికి తగిలించుకొని పొద్దున్నే పోయాడు. వాగు దాటి గుట్ట దిగి వచ్చేసరికి బెల్టు తొడల మీదికి జారింది. ఒక చేత్తో బెల్టు, ఇంకో చేత్తో ప్యాంటు పట్టుకొని వస్తున్నాడు.

అరుగు మీద కూర్చున్న తాత నవ్వాడు. "ఏందిరా మనవడా! నడుముకు కట్టుకునేది చేతులు ఖాళీగా ఉండాలని. నీ బెల్టు నీ రెండు చేతులకూ పని పెట్టింది గదరా" అన్నాడు. తర్వాత తన మొలతాడు, దానికి కట్టుకున్న చిన్న కత్తి ఒర, పొగాకు తిత్తి చూపించాడు. ఎనభై ఏళ్లు దాటిన మనిషి. ఆ మూడూ ఇంకా కదలకుండా ఉన్నాయి.

తమ్ముడు సిగ్గుపడ్డాడు. మేము మాత్రం ఆలోచనలో పడ్డాం. మన పిల్లలకు చరిత్ర పాఠంలో కిరీటాల గురించి చెబుతాం, కోటల గురించి చెబుతాం. నడుము గురించి ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు మా ఊళ్లల్లో బెల్టు అనగానే ముందు గుర్తొచ్చేది బెల్టు షాపు. కానీ మన తాతల నడుముకు ఏముండేది, తర్వాత ఎవరెవరు వచ్చి ఏమేం కట్టారు, వాటితో ఏం మోయించారు అని చూస్తే అడవి చరిత్ర చాలావరకు అందులోనే దొరుకుతుంది.

తాతల నడుము

అడవిలో బతికేవాడికి రెండు చేతులూ కావాలి. ఒక చెయ్యి కొమ్మ పట్టుకోవాలి, ఇంకో చెయ్యి కాయ కొయ్యాలి. వేటలో రెండు చేతులూ విల్లుకే సరిపోతాయి. కాబట్టి రోజూ కావలసిన చిన్న వస్తువులన్నీ ఒంటి మీదే ఉండాలి. మెడకు కడితే ఊగుతాయి, తలకు కడితే పొదల్లో తట్టుకుంటాయి. ఒంట్లో అన్నిటికన్నా తక్కువ ఊగేది నడుము. అందుకే మొలతాడు పుట్టింది.

మొలతాడును పట్నంలో దిష్టికి కట్టే దారం అనుకుంటున్నారు. మన పెద్దలకు అది పనిముట్టు. గోచి దానికే నిలిచేది. కత్తి ఒర దానికే. నిప్పు చేసుకునే చెకుముకి సంచి దానికే. కాస్త బరువైన పని ఉంటే దాని మీద గుడ్డను రెండు మూడు చుట్లు తిప్పి దట్టీ బిగించేవాళ్లు. గొడ్డలి దట్టీలో వెనక్కి దోపుకునేవాళ్లు. తెలుగులో పనికి పూనుకోవడాన్ని "నడుం బిగించడం" అంటాం. ఆ మాట పుస్తకంలో పుట్టలేదు, ఇట్లా దట్టీ బిగించుకున్న మనుషుల దగ్గర పుట్టింది.

దేనితో కట్టుకోవాలో కూడా వాళ్లకు తెలుసు. అడ్డతీగ నార గట్టిది, బరువు ఆపుతుంది. మోదుగ వేళ్ల నార తడికి ఓర్చుకుంటుంది. జనుము నార మెత్తగా ఉంటుంది, ఒంటిని కొయ్యదు. ఎక్కడ ఏది వాడాలో బడికి పోని మనిషి చెప్పగలిగేవాడు. ఈరోజు సైన్యాలకు బెల్టులు తయారుచేసేవాళ్లు చూసేదీ ఇవే మూడు: బరువు ఆపాలి, తడికి పాడవకూడదు, ఒంటిని కొయ్యకూడదు.

ఆడవాళ్ల సంగతి చెప్పకపోతే సగం చరిత్రే చెప్పినట్టు. మన అమ్మలకు నడుము దగ్గర ఒడి ఉంది. చీర కొంగు తిప్పి నడుముకు దోపితే అదే సంచి. ఇప్పపువ్వు ఏరితే ఒడిలోకి, తునికిపండ్లు ఏరితే ఒడిలోకి. ఏటా మన ఏజెన్సీ నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి కూలికి దిగివచ్చే ఆడవాళ్లు మధిర, ఖమ్మం చేలల్లో పత్తి తీస్తుంటే చూడండి. నడుముకు పాత గుడ్డ ఒడి కట్టుకుంటారు. రెండు చేతులూ పత్తి మీద ఉంటాయి, బరువంతా తుంటి మీద ఉంటుంది. బరువు నడుము మీద, చేతులు పని మీద. ఏ కంపెనీ బెల్టు అమ్మినా చెప్పేది ఇంతకన్నా ఎక్కువేం కాదు.

మోకు, కల్లు, ఫితూరీ

నడుముకు కట్టే వాటిలో ప్రాణం ఆధారపడేది మోకు. తాడి ఎక్కేవాడు నడుముకూ చెట్టుకూ కలిపి మోకు వేసుకుంటాడు. నడుముకు ముస్తాదు, కాళ్లకు గుజి, పక్కన గీతకత్తి, లొట్టి. అరవై డెబ్బై అడుగుల ఎత్తున మనిషిని ఆపేది ఆ ఒక్క తాడే. మైదానంలో ఇది గౌడన్నల వృత్తి. అడవిలో మన కోయలు, కొండరెడ్లు తాడి, జీలుగు చెట్లు తామే ఎక్కి కల్లు తీసుకునేవాళ్లు. ఎండాకాలం గింజలు అయిపోయినప్పుడు జీలుగు కల్లే ఆకలి తీర్చేది.

1879లో రంప కొండల్లో పెద్ద ఫితూరీ లేచింది. కారణాలు చాలా ఉన్నాయి. మన్సబుదారు దోపిడీ, ముఠాదార్ల హక్కులు పోవడం, వడ్డీ వ్యాపారులు కోర్టు కాగితాలతో పశువులు తోలుకుపోవడం. వాటితో పాటు ముఖ్యమైనది కల్లు మీద పన్ను. తన చెట్టు తాను ఎక్కి తన ఇంటికి తీసుకునే కల్లుకు కాంట్రాక్టరుకు డబ్బు కట్టాలన్నారు. కొండజనం తిరగబడ్డారు. ద్వారబంధాల చంద్రయ్య వంటి నాయకులు పోలీసు ఠాణాల మీదికే వెళ్లారు. ఆ మంట గోదావరి దాటి భద్రాచలం వైపుకూ, మల్కనగిరి కోయల దాకా కూడా పోయింది. మోకు వేసుకున్న నడుము మీద పన్ను వేస్తే ఏమవుతుందో సర్కారుకు అప్పుడు తెలిసింది.

బిళ్ళ ఉన్న నడుము

ఆ రోజుల్లోనే అడవిలోకి ఇంకో రకం పటకా వచ్చింది. తోలు పట్టీ, దాని మీద ఇత్తడి బిళ్ళ. దాన్ని డవాలు అనేవాళ్లు. అది కట్టుకున్నవాడు బిళ్ళబంట్రోతు. ఆ బిళ్ళకు ఏ వస్తువూ తగిలించరు. దానికి ఉన్న బరువంతా సర్కారుదే. బిళ్ళ చూపిస్తే కోళ్లు ఇవ్వాలి, నెయ్యి ఇవ్వాలి, దొరగారి సామాను మొయ్యాలి. ఆ సామాను మోసింది మన కావడి. ఒకడి నడుముకు పటకా, ఇంకొకడి భుజానికి వెట్టి కావడి. ఆ రోజుల్లో అడవి బాటన కనిపించిన జంట ఇదే.

అప్పట్లో మధిర, భద్రాచలం ఒక్క పాలన కింద లేవు. మధిర నిజాం రాజ్యంలో వరంగల్ జిల్లాలో ఉండేది. భద్రాచలం బ్రిటిషు మద్రాసులో గోదావరి జిల్లా కింద ఉండేది. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది, 1959లో భద్రాచలం దానిలో కలిసింది. కాబట్టి గోదావరికి ఈ పక్కన నిజాం జవాను, ఆ పక్కన మద్రాసు కానిస్టేబులు. బిళ్ళలు వేరు, మోత ఒక్కటే. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు పాపికొండల కొండరెడ్ల మధ్య తిరిగి రాసిన పుస్తకం 1945లో అచ్చయింది. కలప వ్యాపారుల కింద మన జనం ఎట్లా నలిగిందో అందులో రాశాడు. ఉపాధ్యాయులు దాన్ని చదవాలి.

పోలీసు అధికారుల బెల్టుకు కూడా ఒక కథ ఉంది. ఎస్సైగారు పరేడ్ రోజున నడుముకు వెడల్పాటి తోలు బెల్టు, భుజం మీదుగా అడ్డంగా ఇంకో పట్టీ వేసుకుంటారు. దాన్ని శామ్ బ్రౌన్ బెల్టు అంటారు. శామ్ బ్రౌన్ బ్రిటిషు సైన్యంలో గుర్రపుదళ అధికారి. 1858లో, సిపాయిల తిరుగుబాటు కాలంలో, ఉత్తరాదిన పిలిభిత్ దగ్గర జరిగిన పోరులో ఎడమ చెయ్యి పోగొట్టుకున్నాడు. కత్తి దూసేటప్పుడు ఒరను పట్టుకోవడానికి ఇక ఎడమ చెయ్యి లేదు. అందుకని ఒర కదలకుండా నడుముకు గట్టి బెల్టు, ఆ బరువు నడుమును కిందికి లాగకుండా కుడి భుజం మీదుగా పట్టీ పెట్టించుకున్నాడు. తర్వాత అది బ్రిటిషు అధికారులందరి ఉడుపు అయింది. మనం గమనించవలసింది ఒక్కటే. చేతికి బదులు పని చేసే బెల్టు కావాలనుకున్నాడు. మా తాత అన్న మాటే అది.

తోలుకు ఒక లోపం ఉంది. తడిస్తే సాగుతుంది, ఆరితే బిగుసుకుపోయి పగులుతుంది. 1908లో బ్రిటిషు సైన్యం తోలు వదిలి గట్టిగా నేసిన నూలు పట్టీలకు మారింది. ఆ నూలు బెల్టుకు ముందు రెండు పక్కలా చిన్న సంచులు ఉండేవి. వాటిలో 150 తూటాలు పట్టేవి. బరువు రెండు వైపులా సమానంగా పడేది, భుజం పట్టీలు దాన్ని పైనుంచి పట్టేవి. వెనకవైపు మూట ఉండేది. ముందూ వెనకా సరితూగితే మనిషి వంగకుండా నడుస్తాడు. మన కావడి కూడా అంతే గదా! రెండు కుండలూ సమానంగా ఉంటేనే కావడి నడుస్తుంది.

26 తుపాకులు

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి ఠాణా మీదికి వెళ్లింది. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు ఠాణాలు. 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు చేతికి వచ్చాయి. ఏమేం తీసుకున్నారో ఠాణా పుస్తకంలో రాసి సంతకం పెట్టి పోయారు. దొంగతనం కాదని చెప్పడానికి.

ఆ దళంలో గాం గంటందొర, గాం మల్లుదొర వంటి మన్యం వీరులున్నారు. చింతపల్లి రోడ్డు పనిలో కూలి సరిగా ఇవ్వకుండా మన జనంతో రాళ్లు మోయించిన రోజులవి. లెక్క కట్టి చూడండి. ఒక్కో తుపాకీకి వంద దాకా తూటాలు వస్తాయి. వంద తూటాలు చేత్తో పట్టుకొని ఎవరూ కొండ ఎక్కలేరు. నడుమో భుజమో మొయ్యాలి. నిన్నటిదాకా దొరల సామాను కావడిలో మోసిన మనుషులు తమ బరువు తాము మోసుకున్నారు. వాళ్లను పట్టడానికి సర్కారు మలబారు పోలీసులను, తర్వాత అస్సాం రైఫిల్స్‌ను దింపింది. బూట్లు, బెల్టులు, మూటలతో వచ్చిన బలగాలకు రెండేళ్లు పట్టింది. 1924 మే 7న రాజును చంపారు. జూన్‌లో గంటందొర నేలకొరిగాడు. మల్లుదొర అండమాన్ జైలుకు పోయాడు. తిరిగివచ్చి 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. మన పిల్లలకు ఈ చివరి మాట తప్పకుండా చెప్పాలి. తుపాకీ పట్టిన చేత్తోనే రాజ్యాంగం పుస్తకం కూడా పట్టుకున్నాడు.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం, నిజాం పోలీసులకు ఎదురు నిలిచి ప్రాణమిచ్చాడు. తర్వాత తెలంగాణ సాయుధ పోరాటం వచ్చింది. మధిర వైపు పల్లెల్లోనూ ఆ కాలం గుర్తులున్నాయి. రజాకార్ల నడుముకు తూటాల పటకాలు ఉంటే, పల్లెజనం చేతిలో గుత్పలు, వడిసెలలు ఉన్నాయి. వడిసెల రాళ్లు ఎక్కడ పెట్టుకోవాలి? ఆడవాళ్లు ఒడిలో నింపుకున్నారు. ఇప్పపువ్వు మోసిన ఒడే రాళ్లూ మోసింది.

బెల్టు ఇచ్చినవాళ్లు

ఇప్పుడు చెప్పబోయేది మనలో చాలామంది మాట్లాడటానికి జంకే విషయం. 2005 నుంచి గోదావరికి అవతల, దంతెవాడ అడవుల్లో సల్వాజుడుం నడిచింది. మన భాష మాట్లాడే కోయ పిల్లలను ప్రత్యేక పోలీసు అధికారులు అని పేరు పెట్టి తీసుకున్నారు. ఐదో తరగతి దాటితే చాలన్నారు. నెలకు మూడు వేల రూపాయల గౌరవ వేతనం. చేతికి తుపాకీ, నడుముకు బెల్టు. ఇంకో వైపు అడవి లోపలి దళాలు కూడా మన పిల్లల నడుముకే తూటాల సంచులు కట్టాయి. ఒకే ఊరి పిల్లలు, ఒకే గోత్రం పిల్లలు, ఎదురెదురుగా నిలబడ్డారు. ఊళ్లు ఖాళీ అయ్యాయి. వేలమంది నది దాటి మన ఖమ్మం అడవుల్లోకి వచ్చారు. వాళ్లనే ఇక్కడ గుత్తికోయలు అంటున్నాం.

2011 జులై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర్పు ఇచ్చిన ఇద్దరు న్యాయమూర్తుల్లో ఒకరు మన తెలుగువారే, జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి. చదువు అంతంతమాత్రంగా ఉన్న గిరిజన యువకులకు తుపాకులిచ్చి పోరుకు పంపడం రాజ్యాంగానికి విరుద్ధమని, ఆ తుపాకులు వెనక్కి తీసుకోవాలని చెప్పింది. ఆ తీర్పును మేము తొమ్మిదో తరగతి పిల్లలకు చదివి వినిపిస్తాం. నడుముకు బెల్టు కట్టినవాళ్లు దానితో పాటు మన మీద ఏ బరువు పెడుతున్నారో అడగడం నేర్పడానికి.

బెల్టు పెట్టుకోవడమే తప్పని మేము అనడం లేదు. మన పిల్లలు కానిస్టేబుళ్లు కావాలి, బీట్ ఆఫీసర్లు కావాలి, సైన్యంలో చేరాలి. పరీక్ష రాసి, జీతం రాయించుకొని, చట్టం తెలుసుకొని కట్టుకునే బెల్టు వేరు. ఎవరో వచ్చి చీకట్లో కట్టి పోయే బెల్టు వేరు. మొదటిదానికి హక్కులుంటాయి, పింఛను ఉంటుంది. రెండోదానికి శవం మాత్రమే మిగులుతుంది.

ఉద్యోగపు బెల్టు కట్టుకున్నాక కూడా కష్టం ఉంది. 2022 నవంబరులో చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర పోడు గొడవలో ఒక అటవీ రేంజ్ అధికారి ప్రాణం పోయింది. కొట్టినవాళ్లు మనలాంటి పేదలే. పోయినవాడు ఒక ఇంటికి దిక్కు. రేపు మన తమ్ముడు బీట్ ఆఫీసరైతే పోడు దగ్గర నిలబడేది అతనే. ఆ రోజు అతని బెల్టుకు ఉన్న లాఠీ కన్నా, అతని నోట్లో ఉన్న కోయమాట ఎక్కువ పని చెయ్యాలి. 2006 అటవీ హక్కుల చట్టం అతనికి కంఠతా రావాలి.

మరి ఏ బెల్టు కొనాలి?

తమ్ముడు మళ్లీ అడిగాడు, "సారూ, చరిత్ర సరే. ఏది కొనాలో చెప్పండి" అని. తాత చెప్పింది, మేము చదివింది కలిపి చెప్పాం. అడవి పనికి పోయే పిల్లలందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాం.

ముందు పని చూసుకోండి, తర్వాత బెల్టు. రోజూ ఏమేం మోస్తారో నేల మీద పరిచి చూడండి. నాలుగు రోజులు వరుసగా వాడని వస్తువును ఇంట్లో పెట్టండి. సంచి ఖాళీగా ఉంది కదా అని నింపితే అదే బరువు.

ప్యాంటు నిలవడానికి అంగుళంన్నర పట్టీ చాలు. కత్తి, నీళ్లు, టార్చి మొయ్యాలంటే రెండంగుళాలు కావాలి. అంతకన్నా వెడల్పైతే వంగినప్పుడు పక్కటెముకలకు తగులుతుంది. పట్టీని ఒక చివర పట్టుకొని అడ్డంగా చాపితే వెంటనే వేలాడిపోకూడదు. వేలాడిపోయే మెత్తటి పట్టీ బరువు పడగానే మడతపడుతుంది, ఒర బయటికి వాలుతుంది. తమ్ముడి బెల్టు జారింది అందుకే. దానికి తోడు అతను పొట్ట మీద కట్టుకున్నాడు. పొట్ట ఊపిరితో పొంగుతుంది, తగ్గుతుంది. బెల్టు తుంటి ఎముకల అంచు మీద కూర్చోవాలి. ఎముక కదలదు.

బరువు రెండు పక్కలా సమానంగా పంచండి. కుడివైపు కత్తి ఉంటే ఎడమవైపు నీళ్లు. వెన్నెముక మీద గట్టి వస్తువు ఏదీ పెట్టవద్దు. జారి వెల్లకిలా పడితే అదే వెన్నులో దిగుతుంది. కడుపు ముందు కూడా ఖాళీగా ఉంచండి. గొంతుక కూర్చుంటే పొడుచుకుంటుంది. నడుము మొయ్యగలిగినదానికన్నా బరువు ఎక్కువైతే భుజం పట్టీ వెయ్యండి. శామ్ బ్రౌన్ చేసింది అదే. లేదా లోపల ఒక సన్నటి బెల్టు ప్యాంటుకు, దాని మీద ఇంకో గట్టి బెల్టు సామానుకు పెట్టుకొని, రెంటినీ చిన్న పట్టీలతో కలిపి బిగించండి. మొలతాడు మీద దట్టీ కట్టుకున్న తాతలది ఇదే పద్ధతి.

దేనితో చేసిందో అడగండి. తోలు మన్నుతుంది కానీ వానలో పాడవుతుంది. తడిస్తే నీడన ఆరబెట్టి నూనె రాయాలి. నూలు పట్టీ ఒంటికి మెత్తన, తడిస్తే బరువు, ఆరడం ఆలస్యం. నైలాను కుళ్లదు, తేలిక. కానీ నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. ఎండాకాలం అడవి మంటలు ఆర్పే పనికి పోయేవాళ్లు నైలాను బెల్టు, నైలాను సంచులు వద్దనుకోవాలి. ఆ పనికి తోలు గానీ మందపాటి నూలు గానీ మేలు. ప్లాస్టిక్ కొక్కేలు ఎండకు పెళుసెక్కుతాయి. ఇనుప కొక్కెం, ఒక్క చేత్తో విప్పగలిగేది చూసుకోండి. వాగులో పడినా, ముళ్లలో చిక్కినా వెంటనే విప్పుకోగలగాలి.

కొన్నాక అన్నీ తగిలించుకొని పదిసార్లు గొంతుక కూర్చుని లేవండి. వంద గజాలు పరుగెత్తండి. ఒక గట్టు ఎక్కి దిగండి. మధ్యలో ఒక్కసారి కూడా చెయ్యి బెల్టు మీదికి పోకూడదు. పోతే అది మీకు సరిపోలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. సామాను మోసే బెల్టు మనిషిని మోసే బెల్టు కాదు. దానికి తాడు కట్టుకొని చెట్టు ఎక్కవద్దు, తేనె కోసం కొండచరియ దిగవద్దు. పడినప్పుడు ఒంటి బరువంతా నడుము మీదే పడి వెన్ను, పేగులు దెబ్బతింటాయి. పర్వతాలు ఎక్కేవాళ్ల కట్టులో నడుము పట్టీతో పాటు తొడలకు కూడా ఉచ్చులుంటాయి. బరువు మూడు చోట్ల పంచుకుంటుంది. 2014 మే 25న మన గిరిజన బిడ్డ మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. ఆమెతో పాటు మన ఖమ్మం జిల్లా చర్ల వైపు నుంచి వెళ్లిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ కూడా ఎక్కాడు. గురుకులాల్లో చదివిన ఆ ఇద్దరు పిల్లల నడుముకు అటువంటి కట్టే ఉంది. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం తాడి ఎక్కేవారికి కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మోకు జారి నడుములు విరిగిన, ప్రాణాలు పోయిన ఇళ్లు ఎన్నో చూసిన తర్వాత వచ్చిన మంచి పని అది. మన ఏజెన్సీలో తాడి, జీలుగు ఎక్కే కోయ, కొండరెడ్డి కుటుంబాలకూ అవి అందాలని గ్రామసభల్లో అడగాలి. ఉపాధ్యాయులు ఆ అర్జీ రాసిపెట్టాలి.

చివరగా రంగు. మన సరిహద్దులో సైనికుల మచ్చల గుడ్డ, తూటాల సంచుల ఆకారం ఉన్న బెల్టు పెట్టుకొని అడవిలో తిరగడం తెలివైన పని కాదు. దూరం నుంచి చూసేవాడికి మీ హాల్‌టికెట్టు కనపడదు, నడుము కనపడుతుంది. సాదా గోధుమరంగు బెల్టు, పైకి కనిపించే సాదా సంచి చాలు.

బడిలో ఒక పని

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ఒక శనివారం పిల్లలను ఇళ్లకు పంపి, ఇంట్లో నడుముకు కట్టే వస్తువులన్నిటి పేర్లు రాసుకు రమ్మనండి. కోయలో ఏమంటారు, కొండరెడ్లు ఏమంటారు, లంబాడాలు ఏమంటారు, తెలుగులో ఏమంటారు. ఏ నారతో చేశారు, ఎవరు చేశారు, ఏం మోసేది. మేము ఈ పని చేయించినప్పుడు ఒక అమ్మాయి తన నాయనమ్మ ఒడి గుడ్డను మడిచి తెచ్చింది. పత్తి కూలిలో పదేళ్లు వాడిందట. అంచుకు నాలుగు చోట్ల అతుకు. ఆ రోజు పాఠం ఆ గుడ్డ మీదే నడిచింది.

మా ఊరి తమ్ముడు ఆ నల్ల బెల్టును పక్కన పెట్టాడు. మధిర బజారులో చెప్పులు కుట్టే అన్న దగ్గర రెండంగుళాల తోలు పట్టీ, ఇనుప కొక్కెంతో కుట్టించాం. కత్తి ఒర తాత చేసిచ్చాడు. మొన్న ఫోను చేసి, 25 కిలోమీటర్లు నాలుగు గంటలకు పది నిమిషాల ముందే నడిచానని చెప్పాడు. బెల్టు ఎట్లా ఉందని అడిగాం.

"బెల్టు ఉన్న సంగతే మర్చిపోయాను సార్" అన్నాడు.